కింది గొట్టం

పొగ పైకి గదమ్మా పోయేది,
కిందకెట్టా దిగింది? అన్నాను.
ఒంగోలు ఆస్పత్రిలో డాక్టరమ్మ
చేతిలో కాగితం మడిచి
కిటికీ దిక్కు చూసింది.
నవ్విందో లేదో, మూతికి మాస్కు.

ముప్పై ఒక్క కాపు బ్యారన్ కాల్చినవాణ్ణి నేను,
కొండపి కాడ.
గోడకవతల పొయ్యి, గోడకివతల ఆకు,
నడుమ నేలమీద పాకే రేకు గొట్టాలు.
సెగ ఆకుకి, పొగ చిమ్నీకి.
రెండూ కలవకూడదు, అదీ పని.
గొట్టానికి సూదిమొనంత బెజ్జం పడ్డా
చీకట్లోనే వాసన పట్టేవాణ్ణి.
పొగ తగిలిన ఆకుని
వేలంలో కొనేవాడు చిటికెడు నలిపి
ముక్కుకాడ పెట్టుకుని
మాట్లాడకుండా పక్క చెక్కుకి పోతాడు.
అందుకే తెల్లవారుజాము మూడింటికైనా
బంకమన్ను పిసికి మెత్తేవాణ్ణి.

మెత్తి, చెయ్యి పంచెకి తుడుచుకుని
సిగరెట్ ముట్టించేవాణ్ణి.

నిద్ర ఆపాలిగా.
పచ్చాకు పసుపు తిరిగే రాత్రులు, ఆకు ఎండే రాత్రులు,
ఆఖరున ఈనె ఎండే రాత్రి. అదే గడ్డు.
థర్మామీటరు నూట అరవై దాటకుండా
సరుగుడు కట్టె ఒకటి తోయాలి, ఒకటి లాగాలి.
కట్టెకో సిగరెట్, నా లెక్క.
సుబ్బరత్తమ్మ లెక్క వేరు.
పెట్టెల్లో వెండి కాగితాలన్నీ దారానికి గుచ్చి
పిట్టలు బెదరాలని సజ్జచేలో కట్టింది.
ఆ ఏడు చేను చేనంతా మెరిసింది.

రక్తం పడితే మొలలన్నారు.
ముందు అన్నది నేనే.
పొయ్యి ముందర అన్నేళ్ళు గొంతుక్కూర్చున్నోడికి
మొలలు రాక ఇంకేం వస్తాయి?
పొదిలి పసరు, టంగుటూరు లేహ్యం,
మజ్జిగలో నూరిన ఉల్లిపాయ.
ఏడాదిన్నర.
దగ్గు మాత్రం రాలేదు. అదీ నా ధీమా.
దగ్గనోణ్ణి పొగేం చేస్తుందని
రొమ్ము నిండా గాలి పీల్చి, చరిచి చూపించేవాణ్ణి
అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ.

తెరమీద నా లోపల చూపించారు.
ఎర్రగా, తడిగా, మలుపులు తిరిగిన గొట్టం.
ఒక మలుపు కాడ కాకరకాయ తొక్కలాగా ఏదో.
గొట్టాల సంగతి నాకా చెప్పేది?
కాస్త మన్ను తెప్పించండమ్మా అని
నోటిదాకా వచ్చింది.

"దానివల్లేనని ముద్ర వెయ్యలేను పెద్దాయనా.
తాగేవాళ్ళకి పెద్దపేగులో ఇది
ఎక్కువగా వస్తుందని మాత్రం చెప్పగలను.
పొగలోది నెత్తుట్లో కలుస్తుంది.
నెత్తురు పోని చోటు ఒంట్లో ఉందా?"

లేదు.
నాకా చదువు రాకపోయినా, పొయ్యి తెలుసు.
నిప్పు ఒక మూలనే ఉంటుంది.
సెగ తగలని కర్ర బ్యారన్లో ఒక్కటీ ఉండదు.

ఇప్పుడు ఎడమ పొట్టమీద సంచి.
నలభై ఏళ్ళు గ్రేడింగుకి పోయిన చెయ్యి సుబ్బరత్తమ్మది,
మసకలో కూడా ఏ ఆకు ఏ కుప్పో ఎరుగు.
పొద్దున్నే సంచి మార్చి, వెలుగులో పెట్టి చూసి
"ఇవాళ రంగు మేలే" అంటుంది.
ఆ మాటకి ఇద్దరం నవ్వాం ఒకసారి,
కుట్లు లాగి నేను ఆపేశాను.

నిన్న మాపటేళ మాల్యాద్రి వచ్చాడు.
"మామా, గొట్టం యాడో కారతా ఉంది, దొరకడంలా."
సంచి మీద తువ్వాలు చుట్టుకుని పోయాను.
పెద్దోణ్ణని మర్యాదకి
వాడు గోడ వెనక్కి పోయి నిలబడ్డాడు.
నేను నేలకి వంగి మూడో మలుపు కాడ
బెజ్జం పట్టాను, మన్ను తడిపాను, మెత్తాను.
ఇంకా వాసన వస్తానే ఉంది.

ఇది గొట్టంది కాదు.
గోడ వెనకనుంచి.

చేతిలో ఇంకో ముద్ద మన్ను మిగిలింది.
"ఒరే మాల్యాద్రీ" అని పిలిచాను.
రెండోసారి పిలిచేదాకా
వాడు పలకలేదు.